చెంబు పోయిన జాతర

కచేరీలో గుమాస్తాపని చేసేవాళ్ళకు "పుట్టిన తేదీ" అనే గడి ఒకటి రోజూ ఎదురవుతూనే ఉంటుంది. చదువుకున్నవాళ్ళు దానిని క్షణంలో నింపేస్తారు. పల్లెలనుంచి వచ్చిన ముసలివాళ్ళు మాత్రం కలం పట్టుకున్న మా ముఖం చూస్తారు. "పెద్ద కరువు పోయిన మరుసటేడు" అంటాడొకాయన. "మా అన్న పెండ్లి నాటికి పాలు తాగే బిడ్డను" అంటుందొక ఆమె. గడిలో ఇవేవీ పట్టవు. అందుకని గుమాస్తాలకు ఒక అలవాటు ఉన్నది. సంవత్సరం ఒకటి ఉజ్జాయింపుగా వేసి, దానికి ముందు జనవరి ఒకటి అని పెట్టేస్తాము. మన తాలూకాలలో ముసలివాళ్ళెందరో కాగితాల ప్రకారం ఒకే రోజున పుట్టినవాళ్ళు.

మేము ఆ పని మొదట మా ఇంట్లోనే చేసినాము. ఈ వ్యాసం ఆ తప్పును గురించినదే.

మా అవ్వ పరగోడు కోడలు. పరగోడంటే బాగేపల్లి దగ్గర చిత్రావతి ఒడ్డున ఉన్న ఊరని ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. అవ్వ పుట్టిల్లు అదే నదికి దిగువన, గోరంట్ల వైపు ఒక చిన్న పల్లె. చిత్రావతి నంది కొండల దగ్గర పుట్టి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి సీమలు దాటి, గోరంట్ల, పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. నీళ్ళు ఎగువనుంచి దిగువకు పోతే, అవ్వ దిగువనుంచి ఎగువకు ఎద్దులబండిలో వచ్చినది. అక్కడా తెలుగే, ఇక్కడా తెలుగే. అక్కడా సంగటి, ఇక్కడా సంగటి. అనపకాయల కాలంలో పితికిపప్పు వాసన రెండు ఊళ్ళలోనూ ఒకటే. మధ్యలో ఒక రాజ్యం ముగిసి మరొక రాజ్యం మొదలవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పుట్టిల్లు దొరల పాలనలోని మద్రాసు రాజధానిలో ఉండేది. అత్తిల్లు మైసూరు మహారాజావారి సీమ.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో అవ్వకు వృద్ధాప్య పించను కోసం దరఖాస్తు పెట్టదలచినాము. కాగితం ముందు పెట్టుకొని, "అవ్వా, నువ్వు ఎప్పుడు పుట్టినావు?" అని అడిగినాము.

"తేదీలు నాకేం తెలుసురా నాయనా! రక్తాచ్చి సమచ్చరం, శ్రావణమాసం. ఆ పొద్దు చిత్రావతి పారిందంట. మాయమ్మ చెప్పింది అంతే" అన్నది.

రక్తాక్షి అంటే 1924. ఆ ఏడు ఉగాదినుంచి మరుసటేడు ఉగాది దాకా రక్తాక్షే. మన అరవై సంవత్సరాల పేర్లు అవ్వకు వ్రేళ్ళమీద ఉండేవి. బడి ముఖం ఎరుగని మనిషి, ప్రభవనుంచి అక్షయ దాకా తడుముకోకుండా చెప్పేది. తన బ్రతుకులో జరిగిన ప్రతి సంగతికీ ఒక సంవత్సరం పేరు తగిలించి దాచుకున్నది. ఈశ్వరలో పెండ్లి. బహుధాన్యలో చెంబు పోయిన జాతర. సర్వజిత్తులో పెద్దకొడుకు. ఇట్లా సాగేది ఆమె లెక్క. ఆ లెక్కలో గాంధీగారు గాని, మహారాజావారు గాని, ఢిల్లీ గాని ఎక్కడా కనిపించేవి కావు. చిన్నతనంలో అది అవ్వ అమాయకత్వమనుకున్నాము. తర్వాత ఒక్కొక్క ముడీ విప్పి చూసుకుంటే సంగతి వేరుగా తేలినది.

మొదట విప్పిన ముడి ఆ చెంబుది.

మా ఇంట్లో ఏ పాత సంగతి చెప్పాలన్నా "చెంబు పోయిన జాతరకు ముందు", "చెంబు పోయిన జాతర తర్వాత" అని చెప్పుకోవడం వాడుక. అవ్వ కాపురానికి వచ్చిన మరుసటేడు అత్తమామలు నాగప్రతిష్ఠ మ్రొక్కు తీర్చుకోవడానికి ఆమెను వెంటబెట్టుకొని జాతరకు పోయినారట. అక్కడ ఉన్నట్టుండి జనం పరుగెత్తినారు. వీళ్ళూ పరుగెత్తినారు. ఆ తొక్కిసలాటలో అవ్వ చేతిలోని ఇత్తడి చెంబు జారిపోయినది. అది అత్తగారి పుట్టింటి చెంబు. దాని కోసం అత్తగారు ఏండ్ల తరబడి దెప్పింది. మా ఇంటి కథ అక్కడితో ముగిసేది. జనం ఎందుకు పరుగెత్తినారని మేము అడిగినదీ లేదు, వాళ్ళు చెప్పినదీ లేదు.

మేము హైస్కూలులో ఉండగా ఒకనాడు మా ఉపాధ్యాయులు విదురాశ్వత్థం సంగతి కన్నడంలో చెప్పినారు. గౌరిబిదనూరు తాలూకాలో, ఉత్తర పినాకిని ఒడ్డున, విదురుడు నాటినాడని చెప్పుకునే అశ్వత్థ వృక్షం, దాని చుట్టూ లెక్కలేనన్ని నాగశిలలు. 1938 ఏప్రిల్‌లో మద్దూరు దగ్గర శివపురంలో కాంగ్రెసువారు జెండా ఎత్తినారు. ఆ వేడి మైసూరు సీమంతా ప్రాకినది. విదురాశ్వత్థం జాతరకు చేరిన జనం మధ్య జెండా ఎగరేయాలని ఇక్కడివాళ్ళు పూనుకున్నారు. సర్కారు వద్దన్నది. ఏప్రిల్ 25న గుమిగూడిన జనంమీద పోలీసులు తుపాకులు పేల్చినారు. ముప్పైమందికి పైగా చనిపోయినారని ఇక్కడివారి లెక్క. సర్కారువారి లెక్క అంతకంటె చాలా తక్కువ. కర్ణాటకపు జలియన్‌వాలా బాగ్ అని దానికి పేరు వచ్చినది. ఆ తర్వాత సర్దార్ పటేల్‌గారు, ఆచార్య కృపలానీగారు మైసూరుకు వచ్చినారు. దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్‌గారితో ఒప్పందం కుదిరి, మైసూరు జెండాతోపాటు కాంగ్రెసు జెండాను కూడా ఎగరేసుకోవచ్చునని తేలినది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ పాఠమంతా తెలుగులో అవ్వకు చెప్పినాము. ఆమె దంచుతున్న రోకలి ఆపినది.

"ఏ జాతర అంటివి?"

"విదురాశ్వత్థం."

"ఏ సమచ్చరం?"

మాకు 1938 అనే తెలుసు. దానిని వెనక్కు లెక్కపెట్టి బహుధాన్య అని చెప్పడానికి కొంత సేపు పట్టినది. అవ్వ నోట చాలాసేపు మాట రాలేదు. చివరకు ఇట్లన్నది:

"టపటపమని వినబడింది. పటాకులనుకుంటిమి. అంతమంది చచ్చినారా నాయనా? వాళ్ళ ఇండ్లల్లో ఎట్ల ఏడ్చినారో. మేము చెంబుకు ఏడ్చినామే."

అరవై ఏండ్లకు కొంచెం తక్కువగా ఆ సంగతి ఆమె దగ్గరే ఉన్నది. కాని దాని పేరు ఆమెకు తెలియదు. మాకు పేరు తెలుసు, తేదీ తెలుసు. అయితే ఆ రోజున అక్కడ పరుగెత్తిన మనిషి మా ఇంట్లోనే రోకలి పట్టుకొని ఉన్నదని తెలియదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దానిని చెంబు పోయిన జాతర అనలేదు. అవ్వ అననివ్వలేదు.

రెండవ ముడి తారణ, పార్థివ సంవత్సరాలది. అంటే 1944, 45. అప్పటికి యుద్ధం సాగుతున్నది. 1942లో జపానువారు బర్మాను పట్టుకోగానే అక్కడినుంచి వచ్చే బియ్యం ఆగిపోయినది. మేము సంగటి తినేవాళ్ళం, మాకు బర్మా బియ్యంతో ఏమి పని అని ఎవరైనా అనుకోవచ్చు. పట్నాల్లో బియ్యం కరువైతే రాగులమీదికే వస్తారు గదా! పండినదానిలో సర్కారుకు లెవీ కొలవాలి. ధాన్యం ఒక సీమనుంచి మరొక సీమకు పరవానా లేనిదే పోరాదు. ఆ రోజుల్లో అవ్వ, పురుడుపోసుకున్న చెల్లెలిని చూడడానికి పుట్టింటికి బయలుదేరి, బుట్ట అడుగున రెండు బళ్ళల రాగులు పెట్టుకున్నది. దారిలో ఒక జవాను ఆపి, బుట్ట దింపించి, రాగులు తీసుకున్నాడు. "ఇది మైసూరు ధాన్యం, ఆ పక్క మద్రాసు" అన్నాడట.

"అంతదాకా నాకు తెలియదు, మా ఊరికీ మీ ఊరికీ నడిమి ఒక గీత ఉందని. నదిలో యాడా కనపడదే అది!" అనేది అవ్వ.

సర్వజిత్తు అంటే 1947. ఈ సంవత్సరం పేరు వినగానే మనందరికీ ఆగస్టు 15 జ్ఞాపకం వస్తుంది. అవ్వకు జ్ఞాపకం ఉన్నది వేరు. ఆమె తమ్ముడు బెల్లం మూట పట్టుకొని వచ్చి, "అక్కా, స్వరాజ్యం వచ్చింది, బడిమీద జెండా కట్టినాము" అన్నాడట. ఇక్కడ మాత్రం పండుగ నిండుగా లేదు. మైసూరులో ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలని సెప్టెంబరునుంచి "మైసూరు చలో" ఉద్యమం నడిచినది. జనం జైళ్ళకు పోయినారు. అక్టోబరులో మహారాజావారు ఒప్పుకున్నారు. 25వ తేదీన కె. చెంగలరాయ రెడ్డిగారు మైసూరు మొదటి ముఖ్యమంత్రి అయినారు. ఆయన మన కోలారు జిల్లావారే. మా తాత అప్పుడు, "మీ తమ్ముడికి ఆగస్టులో వచ్చిన స్వరాజ్యం మనకు రావడానికి రెండు నెలలు పట్టెనే, ఎదురు ప్రవాహం గదా!" అని పరిహాసమాడినాడట. ఆ రెండు నెలల నడుమనే మా పెదనాయన పుట్టినాడు.

ఆ తర్వాత పేర్లు మారడం మొదలయినది. 1953 అక్టోబరు 1న పుట్టిల్లు మద్రాసును వదలి ఆంధ్ర రాష్ట్రంలోకి పోయినది. 1956 నవంబరు 1న అది ఆంధ్రప్రదేశ్ అయినది. అత్తిల్లు అదే రోజున విశాల మైసూరులో నిలిచినది. 1973 నవంబరు 1న కర్ణాటక అయినది. 2007లో కోలారు జిల్లానుంచి చీలి చిక్కబళ్ళాపురం జిల్లా అయినది. ఇన్ని మార్పులలోనూ అవ్వ పొయ్యి ఒక్క మూర దూరమైనా జరగలేదు. బస్సుమీది అక్షరాలు, బడిలోని పుస్తకం, కచేరీలోని కాగితం కన్నడం. పొలంలో, పెరట్లో, ఉయ్యాల దగ్గర తెలుగు. కైవారం తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన సీమ ఇది. ఇక్కడ రెండు భాషలూ ఒకే వాకిట్లో ఆడుకున్నవి. వాటి మధ్య తగవును మేము ఇంట్లో ఎరుగము.

అసలు తగవు భూమిది.

మా తాతకు సొంత భూమి లేదు. ఒక పెద్దరైతు చేనును కోరుకు దున్నేవాడు. పంటలో సగం వాళ్ళ గరిసెకు పోయేది. చిన్నత్త పెండ్లికి వాళ్ళ దగ్గరే మూడువందల రూపాయలు అప్పు చేసినాడు. ఆ అప్పుకు మా పెదనాయనను జీతానికి పెట్టినాడు. ఇప్పుడు జీతమంటే నెలకొకసారి చేతికి వచ్చే డబ్బు. మేమూ జీతగాళ్ళమే. అప్పుడు జీతమంటే అప్పు తీరేదాకా పశువుల కొట్టంలో పండుకొని, వాళ్ళు పెట్టినది తిని, చెప్పిన పని చేయడం. అప్పు మాత్రం తీరేది కాదు. ఒకే మాట, మూడు తరాలలో దాని అర్థం తలక్రిందులయినది. నెల మొదట్లో జీతం తీసుకునేటప్పుడు మాకు పెదనాయన జ్ఞాపకం రాకుండా ఉండదు.

1974 మార్చి 1నుంచి, దేవరాజ అరసుగారి ప్రభుత్వంలో, కర్ణాటకలో కౌలు భూములు సర్కారుకు సంక్రమించి, దున్నేవాడు ఫారం 7 పెట్టుకుంటే భూన్యాయమండలి విచారించి అతనికే ఇచ్చే చట్టం అమలుకు వచ్చినది. అది ఆనంద సంవత్సరం దగ్గరపడిన కాలం. పేరుకు తగ్గ వార్తే. కాని మా తాత ఫారం పెట్టలేదు. "వాళ్ళ ఉప్పు తిన్నాము" అన్నాడు పైకి. లోపలి మాట అది కాదు. కొడుకు వాళ్ళ కొట్టంలో ఉన్నాడు. చేను మాదే అని అర్జీ పెడితే బిడ్డను ఏమి చేస్తారో అని భయం.

మరుసటేడు రాక్షస. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చినది. దానివల్ల దేశంలో ఎందరో నోరు మూసుకొని జైళ్ళలో కూర్చున్న మాట నిజమే. దానిని మెచ్చుకోవడం మా ఉద్దేశం కాదు. కాని అదే సంవత్సరం అక్టోబరులో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ ఆర్డినెన్సు వచ్చినది. 1976లో అది చట్టమయినది. ఆ అప్పులన్నీ చెల్లిపోయినట్టే అని దాని అర్థం. సంగతి చెవిని పడగానే అవ్వ ఎవరికీ చెప్పకుండా ఆ పెద్దరైతు ఇంటికి పోయి వాకిట్లో నిలబడి, "నా కొడుకును తోలుకపోను వచ్చినా" అన్నదట. వాళ్ళు అప్పు సంగతి ఎత్తినారు. "సర్కారును అడగండి" అన్నది. అంతకుముందు ఆ ఇంటి వాకిట్లో ఆమె తలెత్తి మాట్లాడిన పాపాన పోలేదు. పెదనాయన ఆ రోజు సాయంత్రం ఇంట్లో సంగటి తిన్నాడు.

ఫారం 7 గడువు అదృష్టవశాత్తు పలుమార్లు పొడిగింపబడినది. 1976లో బడి అయ్యవారిచేత కన్నడంలో ఫారం వ్రాయించి, తాతను ముందుబెట్టుకొని అవ్వ బాగేపల్లికి నడచినది. విచారణలు కొన్నేండ్లు సాగినవి. చివరకు రెండెకరాలు మా తాత పేర ఎక్కినది. ఆ రెండెకరాల చెనిక్కాయలమీదనే మా నాయన సంసారం నిలబడినది. మేము పదవ తరగతి దాకా చదివినాము. ఈ పత్రికకు నాలుగు ముక్కలు వ్రాయగలుగుతున్నామంటే దాని వెనుక ఆ ఫారం ఉన్నది. ఆ ఫారం వెనుక వాకిట్లో నిలబడిన ఒక ఆడమనిషి ఉన్నది.

అవ్వ చివరి రోజుల్లో చరిత్ర మళ్ళీ మా ఊరికే వచ్చినది. ఈ శతాబ్దపు తొలి ఏండ్లలో పరగోడు దగ్గర చిత్రావతికి అడ్డంగా కట్ట కట్టడం మొదలుపెట్టినారు. బాగేపల్లి సీమలో బోర్లు నానాటికీ లోతుకు పోతున్నవి. వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు. పండ్లు గారబట్టి, ఎముకలు వంగిన మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. తాగునీళ్ళు కావాలన్నది ఇక్కడివాళ్ళ మొర. దిగువన అనంతపురం జిల్లాలో బుక్కపట్నం చెరువూ దానికింది పల్లెలూ ఎండిపోతవన్నది అక్కడివాళ్ళ మొర. 1892లో మద్రాసు, మైసూరుల మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఆంధ్రవారు బయటికి తీసినారు. ఎగువవారు కొత్త జలాశయం కట్టాలంటే దిగువవారి సమ్మతి ఉండాలని అందులో ఉన్నది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయినది.

అప్పుడు మేము సాయంత్రాలు రెండు పత్రికలు తెచ్చి, కన్నడపుదీ తెలుగుదీ, అవ్వకు చదివి వినిపించేవాళ్ళం. కన్నడ పత్రికలో "నమ్మ నీరు" అని ఉంటే దానిని తెలుగులో "మా నీళ్ళు" అనాలో "మన నీళ్ళు" అనాలో మాకు తోచేది కాదు. కన్నడంలో రెండింటికీ ఒకటే మాట. మేము "మన నీళ్ళు" అనే చదివినాము. తరువాత తెలుగు పత్రిక తీస్తే అందులోనూ "మన నీళ్ళు" అనే ఉన్నది.

అవ్వ విని, "వీళ్ళూ మన అంటారు, వాళ్ళూ మన అంటారు. మన అంటే అందరూ వచ్చిరి గదా! ఇంక తగవేంది?" అన్నది.

మేము నవ్వినాము. ఆమె నవ్వలేదు. దిగువన ఆమె తమ్ముడి పిల్లల చేను ఆ నదిమీదనే ఉన్నది. ఎగువన మనవళ్ళకు ముట్టుకునే నీళ్ళలో విషం. ఎవరి పక్షం మాట్లాడినా ఇంకొక బిడ్డ నోటి దగ్గర చెంబు లాగినట్టే. ఈ తగవులో న్యాయం చెప్పడం మా చేత కాదు. ఒప్పందాలు వ్రాసేవాళ్ళు, వ్యాజ్యాలు వేసేవాళ్ళు, ఒక నది రెండు కొసలలోనూ చుట్టరికం ఉన్న మనుషులు ఉంటారన్నది ఒక్క గడిలోనైనా వ్రాసుకుంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

పించను దరఖాస్తు అదే కాలంలో తిరిగి వచ్చినది. పుట్టిన ఊరు వేరే రాష్ట్రం కాబట్టి అక్కడి రుజువు తెమ్మని దానిమీద వ్రాసినారు. పుట్టినప్పుడు ఆ రాష్ట్రమే లేదు. రుజువు ఎవరిస్తారు? కోపం వచ్చినది. కాని మేమూ గుమాస్తాలమే. దారి తెలుసు. కొత్త ఫారం తీసి, పుట్టిన తేదీ 1-1-1925 అని, పుట్టిన ఊరు పరగోడు అని వ్రాసినాము. పని జరిగినది. ఆ రెండు అబద్ధాల క్రింద అవ్వ వేలిముద్ర వేసినది. ఏమి వ్రాసినామో ఆమె అడగలేదు. మనవడు వ్రాసినది తప్పుండదనుకున్నది.

పించను వచ్చిన మొదటి నెలలోనే ఆమె మమ్మల్ని ఒక కోరిక అడిగినది. విదురాశ్వత్థానికి తీసుకొనిపొమ్మన్నది. పోయినాము. స్మారకం దగ్గర నిలబడి, అక్కడ వ్రాసి ఉన్న పేర్లన్నీ చదవమన్నది. చదివినాము. ఒక్కొక్క పేరుకూ తల ఊపినది. అంతా అయినాక, "అన్నీ మన పేర్లే" అన్నది. తిరుగు బస్సు ఎక్కేదాకా మరి మాట్లాడలేదు.

విరోధి సంవత్సరంలో, అంటే 2009లో, అవ్వ పోయినది. మరణపత్రంలో వయసు పాత కాగితాల ప్రకారమే వేసినారు. తప్పును చూసి తప్పు పుట్టినది. ఇక ఆ దస్తావేజులను మేము దిద్దలేము.

అందుకని ఈ సంఘపత్రికలోనైనా ఉన్నది ఉన్నట్టు అచ్చు కావాలని ఇది వ్రాసినాము. మా అవ్వ రక్తాక్షి సంవత్సరం శ్రావణమాసంలో, చిత్రావతి పారిన రోజున, గోరంట్ల వైపు ఒక పల్లెలో పుట్టినది. పరగోడులో బ్రతికినది. మీ ఇండ్లలో తారణలో పుట్టినవాళ్ళు, సర్వజిత్తులో పుట్టినవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళు ఏదైనా పోగొట్టుకున్న జాతర సంగతి చెబితే, అది ఏ జాతరో ఒకసారి అడిగి చూడండి.